మెడపట్టీ లోపలి అచ్చు

చిరంజీవి కార్తీకకు,

పోదనూరు నుంచి మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరమూ బాగున్నాము. మీ నాయన మోకాలు మాత్రం బాగులేదు, అయితే అది ఏనాడూ బాగున్నది లేదు కాబట్టి దాన్ని పట్టించుకోవద్దు. నువ్వక్కడ సుఖంగా ఉన్నావనీ, వేళకు తింటున్నావనీ తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఫోను ఉండగా ఉత్తరమెందుకని మీ నాయన ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. నువ్వు తిరుపతికి హోటలు చదువుకు పోయి తెలుగు రాయడం నేర్చుకున్నావు. మా అమ్మ పట్టుబట్టి దిద్దించిన అక్షరాలు నాకూ ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. పాపం, పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషే అయినా ఆయనకు చదవడం రాదు, అరవమే వచ్చు. "ఏమి రాసుండాది పాప? సదువు, సదువు" అని నా పక్కనే చతికిలబడ్డాడు. ఉద్యోగం మాట వరకూ చదివి వినిపించాను. అంతే, లేచి తన సైకిల్ స్టాండుకు పరిగెత్తాడు, ఆ మోకాలితోనే. అప్పటి నుంచి స్టేషనుకు వచ్చి బండి నిలబెట్టే ప్రతివాడికీ ఆయన కూతురు విశాఖపట్నంలో పెద్ద హోటలుకు మేనేజరు. రిసెప్షనులో చేరుతోందయ్యా అంటే వినడు. ఇంకో నెల పోతే ఆ హోటలు మనదే అంటాడు.

కళ్ళు చూపించుకున్నావా అని అడిగావు. చూపించుకున్నాను, అద్దాలు కూడా వచ్చాయి. ఇప్పుడు షెడ్డులో చొక్కాలకు వేసే అచ్చు అంచులు బాగా కనబడుతున్నాయి. మీ నాయన గడ్డం కూడా కాస్త ఎక్కువగానే కనబడుతోంది.

నీ రూములో ఉండే యువరాణి కొత్తగా కొన్న తెల్ల చొక్కాకు మెడ లోపల వేసిన సైజు అక్షరం వీపు మీద బయటికి తిరగబడి కనబడుతోందనీ, మీ అమ్మ వేసేవి అలా ఎందుకు కనబడవనీ అడిగిందన్నావు. ఆ పిల్లకు చెప్పు, అది చొక్కా తప్పు కాదు, అచ్చు వేసినవాడి తొందర. పూర్వం మెడ దగ్గర చిన్న గుడ్డముక్క కుట్టేవాళ్ళు. అది గుచ్చుకుంటుందని ఇప్పుడు బట్ట మీదే అచ్చు వేస్తున్నారు కదా. దానికి ఫ్రేముకు బిగించే జల్లెడ గుడ్డ బాగా సన్న నేతది ఉండాలి, అప్పుడే ఇంకు కొంచెంగా దిగుతుంది. ఇంకు నీళ్ళగా ఉంటే బట్ట తాగేస్తుంది. తెల్ల బట్టకు నల్ల ఇంకు అసలు పెట్టకూడదు, లేత బూడిద రంగు చాలు. పైన రబ్బరు పట్టీని ఒక్కసారి, చేతి బరువు వేయకుండా లాగాలి. సరిగా పడలేదేమోనని రెండోసారి లాగావా, చొక్కా పోయినట్టే. ఆరకముందే ఒకదాని మీద ఒకటి పేర్చినా కింది దాని అక్షరం పైదాని వీపుకు అంటుకుంటుంది. మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళందరూ ఈ తప్పులన్నీ చేసి మా ఓనరు రఘురామన్ చేత చీవాట్లు తిన్నవాళ్ళే. నేనూ తిన్నాను.

ఇక అసలు మాట. హోటలువాళ్ళు యూనిఫారానికి సైజు అడిగారనీ, ఎస్ అని రాసిచ్చాననీ రాశావు. చేరిన రోజు అందరినీ వరసగా నిలబెట్టి తెల్ల చొక్కా, నల్ల కోటు ఇస్తారనీ, అక్కడే వేసుకుని ఫోటో దిగాలనీ రాశావు. ఆ నాలుగు వరసలూ మీ నాయనకు చదవలేదు. చదివితే నా గొంతు పట్టిస్తుందని మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. అప్పటి నుంచి నాకు పనిలో మనసు లేదు.

కన్నూ, ఇక్కడ ఆగు. తిన్నావా? తినకపోతే ఈ కాగితం మడిచి పెట్టి, మెస్సుకు పోయి తినేసి వచ్చి చదువు. నేనెక్కడికీ పోను.

రెండేళ్ళ కిందట నువ్వు వంట క్లాసులో పొయ్యి ముందే కళ్ళు తిరిగి పడ్డావని వార్డెనమ్మ ఫోను చేస్తే కట్టుకున్న చీరతోనే రైలెక్కి వచ్చాను. నీ చేయి పట్టుకుంటే గాజు మోచేతి దాకా జారింది. నీళ్ళ మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదని యువరాణి ఏడ్చింది. ఎందుకే అని అడిగితే నువ్వేమన్నావు? "ఎస్ సైజు పట్టేదాకా తిననమ్మా. కడ్డీ మాదిరి ఉండేవాళ్ళనే హోటల్లో ముందర నిలబెట్టేది." అప్పటికే ఎమ్ చొక్కా నీ ఒంటిమీద కొంకికి తగిలించినట్టుంది. అయినా నీకు ఎస్ కావాలి. భుజాల ఎముక వెడల్పును ఎవరు తగ్గించగలరు? తిట్టాను, బతిమాలాను. పెరుగన్నం కలిపి నోటి దాకా తెస్తే ముఖం తిప్పుకున్నావు. నా చేతి ముద్దకు నువ్వు ముఖం తిప్పుకోవడం అదే మొదలు. తిరుగు రైలులో కోయంబత్తూరు దాకా నా చేయి పెరుగు వాసన వేస్తూనే ఉంది.

మరునాడు షెడ్డులో మిగిలిపోయిన తెల్ల చొక్కాలు నాలుగు కొన్నాను. ఎమ్ సైజువి, ఇంకా అచ్చు పడనివి. వాటి మెడలో ఎస్ ఫ్రేము పెట్టి లాగాను. అవునే, నేనే. మొదటిది చెడిపోయింది. కోపమో భయమో తెలియదు, అంత గట్టిగా నొక్కితే ఇంకు బట్టను దాటి బయటికి వచ్చేసింది. రఘురామన్ వచ్చి చూశాడు.

"ఏమక్కా, ఎమ్ పీసుకు ఎస్ గుద్దతా ఉండావు? కన్ను తెలీలేదా?"

"కన్ను బాగానే తెలస్తాది తమ్ముడూ. నా బిడ్డ తినల్ల. దానికే."

ఆయన చెడిపోయిన చొక్కాను తీసి పక్కన పడేశాడు. "సరి. అట్లయితే మెల్లగా లాగు" అని ఫ్రేము కదలకుండా తనే పట్టుకున్నాడు. మిగిలిన మూడూ శుభ్రంగా పడ్డాయి. అవే నీకు పార్సిలు వచ్చినవి.

"అమ్మా, ఎస్ పట్టింది! ఇంకా వదులుగానే ఉంది!" అని నువ్వు ఫోనులో అరిచావు. ఆ సాయంత్రం నువ్వు రెండు దోసెలు తిన్నావని యువరాణి చెప్పింది. నేను కుళాయి తిప్పి పెట్టి, ఆ చప్పుడులో ఏడ్చాను. మీ నాయన బయట నుంచి నీళ్ళు వృథా అవుతున్నాయని కేకలు.

అప్పటి నుంచి నీ బట్టలన్నీ ఇక్కడి నుంచే పంపాను. బయట కొనకు, ఇక్కడ చవక అని నీ ప్రాణం తీసింది అందుకే. చుడీదార్లు టైలరు కుట్టినవి కాబట్టి వాటికి ఆ బాధ లేదు. నువ్వు మెల్లమెల్లగా ఒళ్ళు చేశావు, బుగ్గలు వచ్చాయి, మళ్ళీ గట్టిగా నవ్వడం మొదలుపెట్టావు. పోయిన దీపావళికి పంపినవి ఎల్. ఇప్పుడు నువ్వు వేసుకుంటున్నవన్నీ ఎల్ సైజువే కన్నూ. అచ్చు మాత్రం ఎస్.

ఈ మాట నీకు ఎప్పటికీ తెలియనక్కరలేదనుకున్నాను. నీ ఉత్తరం చూశాక కూడా దాచడానికే దారి వెతికాను. రఘురామన్ దగ్గరికి పోయి, ఆ హోటలు చొక్కాలు ఎక్కడ కుడతారో విచారించు తమ్ముడూ, అచ్చు పని మనమే అడిగి తెచ్చుకుందాం అన్నాను. ఆయన ముందు నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు.

"అక్కా, లోకంలో ఉండే సొక్కాలకంతా నువ్వే అచ్చు గుద్దతావా? పాపకు చెప్పెయ్యి."

అది నిజమే. నా చేయి పోదనూరు దాటి ఎంత దూరం పోతుంది? పదిమంది ముందు ఆ చొక్కా గుండీ పడక, ఎందుకు పడలేదో తెలియక నువ్వు నిలబడి ఉండటం నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. ఆ పైన నువ్వు మళ్ళీ కంచం తోసేస్తావేమోనన్నదే నా భయం. ఇంకే భయమూ లేదు.

నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. నిన్ను మోసం చేశాను, అది మాత్రం నిజం. కానీ ఆ రైలు, ఆ చేయి మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను, నీతో అబద్ధమెందుకు. ఒకటి మాత్రం చూసుకో. ఈ ఏడు నువ్వు ఎల్ చొక్కాలోనే పరీక్షలు రాశావు, ఎల్ చొక్కాలోనే ఆ హోటలువాళ్ళ ఇంటర్వ్యూకు పోయావు, వాళ్ళు ఆ పిల్లనే చూసి ఉద్యోగం ఇచ్చారు. మేము ఫ్రేము మీది ఆ అక్షరాల ఇంకును సాయంత్రం పని కాగానే పాత గుడ్డతో తుడిచేస్తాం. దానికోసం నా బిడ్డ పస్తుండటం ఏమిటి?

కుట్టేవాళ్ళకు కొలతలు నెలాఖరుకు పంపుతారన్నావు కాబట్టి ఇంకా టైముంది. ఈ ఉత్తరం చూడగానే హోటలుకు ఫోను చేసి, ఎల్ అని మార్చి రాయించు. సిగ్గనిపిస్తే మా అమ్మ తప్పు చెప్పిందని నా పేరు చెప్పు.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. ఆ కోపం నా మీద చూపించు, కంచం మీద వద్దు. మధ్యాహ్నం మీ నాయన స్టాండులో ఉంటాడు, అప్పుడు ఫోను చేసి ఎంతసేపైనా తిట్టు, ఎదురు మాట్లాడను. ముందు ఏం తిన్నావో చెప్పి, తర్వాత తిట్టు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
జోతిమణి