లింగయ్య గారి ల్యాండ్‌లైన్‌కే మొదటి ఫోన్

ఆక్లండ్, మౌంట్ రాస్కిల్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండే సృజన్ అనే నేను, ఇరవై ఏడేళ్ల అవివాహితుడిని, శనివారం భజన మండలికి వాట్సాప్ తెచ్చిపెట్టిన ఘనుడిని, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మొదటిది ఇదే. ఆఖరిది కూడా ఇదేనా అన్నది ఎల్లుండి తేలుతుంది. బుధవారం ఉదయం ఏడున్నరకు నా గుండెలో వాల్వ్ మారుస్తారు. వందలో ఇద్దరు లేవరని సర్జన్ చెప్పారు. మిగతా తొంభై ఎనిమిది మంది లైన్ ఎక్కడుందో అడిగాను. ఆయన నవ్వలేదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా అక్క వర్షిణిది. నా కారూ ఆమెకే. డ్రైవర్ వైపు అద్దం దించితే మళ్లీ పైకి రాదు కాబట్టి దించవద్దు.

2. రైస్ కుక్కర్ నా ఫ్లాట్‌మేట్ రిషికి. మూడేళ్లుగా అందులో నేను వండిన అన్నం తిన్నాడు, ఒక్కసారీ గిన్నె కడగలేదు. ఇకనైనా కడగవలసిందిగా ఆజ్ఞ.

3. నీలం అట్ట నోటుబుక్కు తారాబాయి ఆంటీకి తిరిగి ఇవ్వాలి. ఇది దానం కాదు, ఆమె సొత్తే. అందులో మండలి వాళ్లందరి ఇంటి నంబర్లు ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఏ కబురైనా ఆమె ఇద్దరికి ఫోన్ చేసేది, వాళ్లు చెరో ఇద్దరికి చేసేవాళ్లు. చివరి మనిషి తిరిగి ఆమెకు ఫోన్ చేసి "అందింది" అనాలి. మార్చిలో నేను గ్రూపు పెట్టి, నంబర్లు ఎక్కించుకుంటానని ఆ పుస్తకం తీసుకుని, "ఇక దీన్ని మ్యూజియంలో పెట్టిద్దాం ఆంటీ" అని అందరి ముందూ అన్నాను. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ జోకును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

4. ఇందులో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు, ఒప్పుకోవడమే ఉంది. మండలిలో హార్మోనియం లింగయ్య గారిది, గొంతు ఈశ్వరరావు గారిది. ఇరవై ఏళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. లింగయ్య గారికి గోడకు తగిలించిన ఫోన్ తప్ప మరొకటి లేదు. గ్రూపులో ఆయన పేరుకు నేను హామిల్టన్‌లో ఉండే ఆయన కొడుకు నంబరు వేశాను. మెసేజ్‌ల మోత భరించలేక ఆ కొడుకు గ్రూపును సైలెంట్‌లో పెట్టాడు. జూన్‌లో ఈశ్వరరావు గారు పోయారు. శుక్రవారం పదకొండింటికి అంత్యక్రియలని గ్రూపులో పెట్టాను. అరవై మూడు మందికీ చేరినట్టు టిక్కులు పడ్డాయి. ఫోన్ జేబులో వేసుకున్నాను.

అంత్యక్రియల మర్నాడు, శనివారం, లింగయ్య గారు ఎప్పటిలాగే బస్సులో భజన హాలుకు వచ్చి, హార్మోనియం తెరిచి, పక్కన ఖాళీ చాప చూసి, "ఈశ్వర్ ఇంకా రాలేదేందిరా?" అని నన్నే అడిగారు. ప్రతిదానికీ జోకు వేసే నేను వెళ్లి తారాబాయి ఆంటీని పిలుచుకొచ్చాను. ఆమే చెప్పింది. ఆయన హార్మోనియం మూసి వెళ్లిపోయారు. తర్వాత తొమ్మిది శనివారాలు రాలేదు. ఆరుసార్లు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేస్తారు.

5. నా టాబ్లెట్ లింగయ్య గారికి. అందులో అన్నీ తీసేసి ఈశ్వరరావు గారి ఫొటో ఒక్కటే ఉంచాను. దాని మీద వేలు పెడితే ఆయన పాడతారు. శనివారాల్లో నేను రికార్డు చేసిన నలభై ఒక్క భజనలు, వెనక లింగయ్య గారి హార్మోనియం, అక్కడక్కడా నా దగ్గు. పాస్‌వర్డ్ లేదు. కోపం వస్తే విసిరికొట్టవచ్చు, మెత్తటి కవరే వేశాను.

6. గ్రూపు అడ్మిన్ హక్కు వర్షిణికి, ఒక షరతు మీద. చావు కబురైనా, ఆసుపత్రి కబురైనా, నోటుబుక్కులో చివరి మనిషి నోటితో "అందింది" అన్నాకే గ్రూపులో పెట్టాలి. ఆ కబురు నాదే అయితే, మొదటి ఫోన్ లింగయ్య గారి ల్యాండ్‌లైన్‌కే. పెట్టేస్తే మళ్లీ చేయాలి. ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టాలి. నా సంగతి ఆయన హాలుకొచ్చి తెలుసుకోకూడదు. ఈ కాగితంలో నాకు నిజంగా కావలసింది ఇదొక్కటే. మిగతాదంతా రైస్ కుక్కరు.

7. సంతకాల వేళ చేర్చినది. ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షిగా సంతకం పెట్టినవాళ్లకు ఇందులో ఏమైనా రాసి ఉంటే అది చెల్లదు. రిషి కుక్కర్ వదులుకోనన్నాడు. తారాబాయి ఆంటీ ఒక సాక్షి. రెండో సాక్షి కోసం ఆమె బల్ల మీది నోటుబుక్కు అందుకుని ఎవరికో ఫోన్ చేసింది. ఎవరికో చెప్పలేదు. ఐదున్నరకు తలుపు తీస్తే, వానలో తడిసిన టోపీతో లింగయ్య గారు.

వర్షిణి పైదంతా చదివి వినిపించింది. ఐదో నిబంధన దగ్గర ఆయన కళ్లజోడు తీశారు. సంతకం పెడితే టాబ్లెట్ దక్కదని చెప్పింది.

"గట్లనా? అయితే పెన్నియ్యి బిడ్డా" అన్నారు. నా వైపు చూడకుండానే, "సచ్చి ఇచ్చేది నాకొద్దు. వేలు యాడ వెట్టాల్నో ఎవడు నేర్పుతడు? మంచిగై వచ్చి వాన్నే పట్టుకరమ్మను. తిట్టేది శాన ఉంది, గప్పుడు తిడ్త" అన్నారు.

కావున ఐదో నిబంధన చెల్లదు. టాబ్లెట్‌ను స్వయంగా అందజేయడానికి, తిట్లను నిలబడి స్వీకరించడానికి నేను సమ్మతిస్తున్నాను. సంతకం వంకరగా ఉన్నా నాదే.

2015 ఆగస్టు 17, సోమవారం, మౌంట్ రాస్కిల్

సంతకం: సృజన్

సాక్షులు:
తారాబాయి
లింగయ్య (పక్కన ఆయన చేతిరాతలోనే: బుధవారం పొద్దటి నుంచి ఫోన్ కాడనే ఉంట)