యాంప్లిఫైయర్ కవరుకి కాజా

మార్చి 3, సోమవారం

మరిది పొద్దున్నే వచ్చి యాంప్లిఫైయర్ తీసుకుపోతానన్నాడు. అన్నయ్య ఎలాగూ వాడటం లేదు కదా వదినా, మూలన దుమ్ము కొట్టుకుపోతోంది, మా హాల్లో పెట్టుకుంటాం అన్నాడు. దుమ్మెక్కడిది? దానికి నేను నీలం వెల్వెట్‌తో కవరు కుట్టాను. ఈ ఇంట్లో టీవీకి, మిక్సీకి, ఆఖరికి ఫోన్ ఛార్జర్‌కి కూడా కవరు ఉంది. టైలర్ ఇల్లు ఇది.

నాకు కోపం వచ్చింది మరిది మీద కాదు. ఈయన మీద. నీ ఇష్టంరా, తీసుకుపో అన్నారు.

ముప్పై ఏళ్లు మైకు సెట్టు నడిపిన మనిషి. ఊళ్లో అందరికీ మైకాయనే, అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. కొట్టు మూసేసినప్పుడు అన్నీ ఇచ్చేసి, ఈ ఒక్క యాంప్లిఫైయర్, రెండు స్పీకర్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. ఇక రోజూ గొడవే. సౌండ్ తగ్గించండి అని నేను, ఇది సౌండా అని ఆయన. నా కుట్టు మిషన్ మీద సూదుల డబ్బా గలగల్లాడేది. కిందటి జూలైలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఏం అడిగినా నీ ఇష్టం. కూర ఏం చెయ్యను, నీ ఇష్టం. ఫ్యాన్ వెయ్యనా, నీ ఇష్టం. మేము పోట్లాడుకుని ఎనిమిది నెలలైంది.

మరిదిని ఆదివారం రమ్మన్నాను. ఈలోపు అన్నయ్య తనంతట తను దాన్ని వాడితే అది ఇక్కడే ఉంటుందని చెప్పాను. నవ్వి, సరే అన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం 3

ఆయన ఎందుకు ముట్టుకోవడం లేదో నాకు తెలుసు. మూడు రిమోట్లు. టీవీది, సెట్‌టాప్ బాక్స్‌ది, యాంప్లిఫైయర్‌ది. ఎడమ చేత్తో ఒకటి తీస్తే ఇంకొకటి జారిపోతుంది. డిసెంబర్లో మరిది వాళ్లందరూ వచ్చినప్పుడు ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కారు. బొమ్మ పోయింది, సౌండ్ మాత్రం మోగుతోంది. అందరూ నవ్వారు. మరిది ఆయన చేతిలోంచి రిమోట్ తీసేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఏ రిమోట్‌నీ తాకలేదు.

టీవీ అట్టపెట్టె అటక మీద దాచాను. దించి చూస్తే అందులో విప్పని కవర్లో ఒక వైరు. ఒక కొనకి పిన్ను, రెండో వైపు రెండు చిన్న నల్లపూసలంత కళ్లు. ఐఆర్ బ్లాస్టర్ అని పుస్తకంలో రాసి ఉంది. పిన్ను టీవీ వెనక గుచ్చి, ఒక కన్ను బాక్స్ ముందు, ఒకటి యాంప్లిఫైయర్ ముందు పెట్టాలి. ఆ తర్వాత టీవీ రిమోట్ ఒక్కటి చాలు. మనం టీవీకి చెబితే, అది వాటికి వాటి భాషలో చెబుతుందట. కోడలి మాట అత్తగారు మామగారికి చేరవేసినట్టు.

మార్చి 4

నేను చదివింది పదో తరగతి. టీవీ సెట్టింగ్స్ మొత్తం ఇంగ్లీషు. అర్థం కాని మాటలన్నీ కొలతల పుస్తకంలో, నర్సమ్మ కోటు కొలతల కింద రాసుకున్నాను. ముందు వస్తువు ఏదో చెప్పాలి, తర్వాత కంపెనీ. అప్పుడు టీవీ ఒక్కో కోడూ పంపించి, పని చేసిందా అని అడుగుతుంది. యెస్ ఆర్ నో.

సెట్‌టాప్ బాక్స్ మూడో కోడ్‌కే లొంగింది. పచ్చలైటు వెలిగింది. నేనే వెలిగించాను. చేతిలో టేపు మెడలోకి వేసుకుని కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆయన కుర్చీలోంచి చూశారు.

మార్చి 5

యాంప్లిఫైయర్ కంపెనీకి పద్నాలుగు కోడ్లున్నాయి. పద్నాలుగూ అయ్యాయి. నో, నో, నో.

కన్ను ఊడిందేమో అని చూశాను. ఊడే ప్రశ్నే లేదు. వైరుతో ఇచ్చిన జిగురు టేపు వెల్వెట్‌కి అంటుకోకపోతే, కవరు ముందువైపు నాలుగు కుట్లు వేసి బిగించాను. బాక్స్ కవరుకీ అలాగే కుట్టాను, అది పని చేస్తోంది కదా. అది నెట్టు గుడ్డ, ఇది వెల్వెట్, అంతే తేడా.

మార్చి 6

మళ్లీ పద్నాలుగూ. నో.

మార్చి 7, పొద్దున 11

మరిదికి ఫోన్ చేసి అడిగాను. చెయ్యకుండా ఉండాల్సింది. ఇది మిషన్ తొక్కడం కాదు వదినా, ఎందుకు నీకీ తలనొప్పి, ఆదివారం నేను బండి తెస్తున్నా అన్నాడు. ఆరిందా. వాడి మొదటి ప్యాంటు కుట్టింది నేను.

ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఆ డబ్బా పోతే ఈయన ఇంక నీ ఇష్టం అనడం కూడా మానేస్తారని భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం 4

ఆయన మాట్లాడారు.

ఫోన్ కెమెరా ఆన్ చేసి ఆ కన్ను వైపు పెట్టు, టీవీని కోడ్ పంపమను అన్నారు. పెట్టాను. ఫోన్లో ఊదారంగు చుక్క టపటపా కొట్టుకుంది. మామూలుగా చూస్తే ఏమీ లేదు. మన కళ్లకి కనపడని వెలుతురట అది. కన్ను మంచిదే, పలుకుతోంది, అవతల దానికే కనపడటం లేదు అన్నారు. ఎందుకు కనపడదు అన్నాను. నువ్వు దాని మొహానికి దుప్పటి కప్పి, దుప్పటి పైనుంచి టార్చి వేస్తున్నావు అన్నారు.

నెట్టు గుడ్డలోంచి వెలుతురు దూరుతుంది. వెల్వెట్‌లోంచి దూరదు. ఇంత చిన్న సంగతి. బట్టతో నలభై ఏళ్లు బతికినదాన్ని, నాకు తట్టలేదు.

మీకు ఎప్పుడు తెలుసు అన్నాను. బుధవారమే అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు రోజులు నేను నో నో అని నొక్కుతుంటే చూస్తూ కూర్చున్నారా అని అడిగాను. ముచ్చటపడి కుట్టుకున్నావు కదా, ఎందుకులే అని ఊరుకున్నా అన్నారు. కోపం సగంలో ఆగిపోయింది. ఎనిమిది నెలల్లో ఆయన ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

కుట్లు విప్పి, కవరు ఎత్తి, కన్నుని నేరుగా యాంప్లిఫైయర్ ముందు పెట్టి మొదటి కోడ్ పంపాను. యాంప్లిఫైయర్ వెలిగింది. మొదటిదే.

మార్చి 8

కవరు తీసెయ్యమని పుస్తకం చెబుతుంది. నేను తియ్యను. సుద్దతో గుర్తు పెట్టి, వెనక గట్టి గుడ్డ వేసి, వెల్వెట్‌కి కాజా తీశాను. నీలం పట్టుదారం, నలభై రెండు కుట్లు, ఒక్క పోగు లేవలేదు. పెళ్లికొడుకు కోటుకి కూడా ఇంత శ్రద్ధగా తియ్యలేదు. ఆ కన్ను గుండీలా కాజాలో కూర్చుని లోపలికి చూస్తోంది.

తర్వాత సౌండ్ మీటలు టీవీకి కాకుండా యాంప్లిఫైయర్‌కి పోయేలా మార్చాను. టీవీ రిమోట్‌లో మూడే మీటలకి ఎర్రదారంతో గుర్తులు కట్టాను. మిగిలిన రెండు రిమోట్లూ గుండీల డబ్బాలో పడేశాను.

పుస్తకంలో ఈ పేజీ నేను రాసి ఉంటే బాగా రాసేదాన్ని.

మార్చి 9, ఆదివారం

మరిది అట్టపెట్టె, తాడు పట్టుకుని వచ్చాడు. టీవీ రిమోట్ తీసుకెళ్లి ఈయన ఎడమ చేతిలో పెట్టాను. చాలాసేపు చూశారు. బొటనవేలితో ఎర్రదారం కోసం తడుముకున్నారు. మరిది సాయం చెయ్యబోయాడు, చూపుతోనే ఆపాను.

ఒక్క మీట. టీవీ, బాక్స్, యాంప్లిఫైయర్ మూడూ లేచాయి.

మరిది వంగి వైరు చూశాడు, కాజా చూశాడు. ఇది ఎవరు చేశారు అన్నాడు. మీ వదిన అన్నారు ఈయన. ఆ రెండు మాటలు ఎలా అన్నారో నాకు రాయడం రాదు. మరిది ఖాళీ అట్టపెట్టెతో వెళ్లిపోయాడు. పోతూ, మా ఇంటికీ వచ్చి పెట్టి వెళ్తావా వదినా అని అడిగాడు. వీలు చూసుకుని చెబుతానన్నాను.

ఒకటే లోటు. సౌండ్ పన్నెండు దగ్గరే ఉంచారు. పెంచుకోండి అంటే, నీ ఇష్టం అన్నారు.

మార్చి 14, సాయంత్రం 5.20

సౌండ్ తగ్గించమని మిషన్ దగ్గర్నుంచి మూడుసార్లు అరిచాను. సూదుల డబ్బా గలగల్లాడుతోంది. ఇది సౌండా అన్నారు.