తొట్టెల నాడు తెరిచి ఉన్న ఫోను

పర్వత్ పాటియా, సూరత్
బుధవారం

అన్నకు,

నీ చెల్లెలు రాజేశ్వరి దండాలు. అక్కడ నువ్వు, వదిన, అమ్మ, కొత్తగా వచ్చిన బాబు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బాబుకు పాలు సరిపోతున్నాయా? ఇక్కడ మేము బాగానే ఉన్నాం. నీ బిడ్డ సహస్ర కూడా బాగానే ఉంది. ఈ మాట ఇంకా చాలాసార్లు రాస్తాను, ఒక్కోసారి ఒక్కో రకంగా చదువుకో.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి అంటావు. ఫోన్‌లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అందుకుంటావు, ఆఖరుకు "సరే తియ్, మల్ల జేస్త" అని పెట్టేస్తావు. కాగితానికి నువ్వు అడ్డం రాలేవు. పైగా నీ ఫోన్ మీద నాకు నమ్మకం పోయింది, ఎందుకో చెబుతాను. మన ఊరి సత్తయ్య మామ రేపు బస్సుకు వస్తున్నాడు, ఆయన చేతికి ఇస్తున్నాను. దీంతో పాటు ఒక ప్యాకెట్ ఉంటుంది. ఉత్తరం మొత్తం చదివాకే దాన్ని విప్పు.

ఇక్కడ వానలు దంచికొడుతున్నాయి. మీ బావ రెయిన్‌కోటు వేసుకుని బండి మీద ఊరి చివర సచిన్ ఏరియాలోని మగ్గాల కార్ఖానాకు పోతాడు, వచ్చేసరికి లోపలి బనీను కూడా తడిసే ఉంటుంది. బట్టలు ఆరక ఇల్లంతా ఒకటే వాసన. ఇక్కడి పప్పులో బెల్లం వేస్తే ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడదు. సహస్రకు మాత్రం వచ్చిన నెలకే అలవాటైంది. మీ బావ తెచ్చే ఖమణ్, ఆ శనగపిండి పలహారం అంటే పడిచస్తుంది. ఆయన చెప్పులు విప్పకముందే సంచి వెతుకుతుంది. ఎన్నాళ్ళకు మా ఇంట్లో ఒక పిల్ల నవ్వు వినిపించిందో నీకు చెప్పక్కర్లేదు కదా. అందరం బాగానే ఉన్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. వదినకు ఎనిమిదో నెల, మంచం దిగొద్దన్నారు, పిల్లను చూసేవాళ్ళు లేరు అని ఎండాకాలం సెలవుల్లో సహస్రను తెచ్చి నా దగ్గర దింపావు. "తొట్టెల నాటికి వచ్చి తోలుకపోత బిడ్డా" అని దాని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పావు. గుర్తుందా? దానికి గుర్తుంది. బడులు తెరిచాక ఖాళీగా ఎందుకని నేను చెప్పే మూడో తరగతిలోనే కూర్చోబెట్టాను.

మా బడి నీకు తెలుసు కదా, మగ్గాల మీద పనిచేసే మనవాళ్ళ పిల్లలే అందరూ. ఈసారి మాకు గోడంత స్మార్ట్ బోర్డు వచ్చింది. దాని మీద లెక్కలు వేస్తే పిల్లలు ఆవలిస్తారు. అందుకని నేను ఒక గద్ద గూడు పెట్టాను. యూరప్‌లో ఎక్కడో అడవిలో చెట్టు మీద గూటికి కెమెరా బిగించారు, ఇరవైనాలుగు గంటలూ లైవ్ వస్తుంది. తల్లి రెండు గుడ్ల మీద పొదుగుతోంది. రోజూ మొదటి పీరియడ్‌లో కాసేపు చూస్తాం. ఎంత మారిపోయారనుకున్నావు పిల్లలు! మనకు పొద్దెక్కినా అక్కడ ఇంకా తెల్లవారుతూనే ఉంది ఎందుకని వాళ్ళే అడిగారు, గ్లోబు తిప్పి చూపించాల్సి వచ్చింది. గూడు ఎంత ఉంటుందని తాడుతో కొలిచి నేల మీద సుద్దతో గీసి అందులో కూర్చున్నారు. మగ గద్ద రోజూ పచ్చని కొమ్మ తెచ్చి గూట్లో పెడితే "టీచర్, తోరణం కడుతుంది" అన్నారు. గద్దల్లో ఆడదే పెద్దదని తెలిసిన రోజు ఆడపిల్లలు బెంచీలు చరిచారు, సహస్ర అందరికంటే గట్టిగా చరిచింది.

గూడు చూడటానికి నేను ఒక పద్ధతి పెట్టాను. రోజుకు ఒకరు కాపలా. బోర్డు పక్కన నిలబడి చూసి, ఆఖర్న క్లాసుకు చెప్పాలి. చూసింది, విన్నది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. ఇంకొకటి, లైవ్ నడుస్తుంటే బోర్డును ఎవరూ ముట్టుకోకూడదు, అరవకూడదు. మన మాట వాటికి వినిపించదు.

గుడ్లు పగిలాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది. క్లాసంతా చప్పట్లు. మర్నాటి నుంచి పెద్ద పిల్ల చిన్నదాన్ని పొడవడం మొదలుపెట్టింది. ఆకలికి కాదు, గూట్లో కప్పలు, ఎలుకలు మిగిలిపోతున్నాయి. ఊరికే, అది కదిలినప్పుడల్లా నెత్తి మీద పొడిచింది. తల్లి అక్కడే కూర్చుని ఉంది. మనోజ్ అని ఒకడున్నాడు, వాడు ఏడుస్తూ లేచాడు.

"టీచర్, ఆల్లకు ఫోన్ జెయ్యున్రి. చిన్నదాన్ని తియ్యమనున్రి."

"తియ్యరు నాన్నా. కెమెరా పెట్టినోళ్ళు సూస్తరంతే. గూట్ల చెయ్యి పెట్టద్దని రూలు."

"తల్లి నిద్రపోయిందా?" అని అడిగింది సహస్ర.

"లేదు. కండ్లు తెరిసే ఉంది" అన్నాను. ఎందుకన్నానో! నిద్రపోయిందని అనాల్సింది.

మూడో రోజుకు చిన్నది కదలలేదు. ఈ జాతి గద్దల్లో ఎప్పుడూ ఇంతేనని, పెద్దది పుట్టాక చిన్నది బతకడం చాలా అరుదని నాకు తర్వాత చదివితే తెలిసింది. పిల్లలు అడిగితే అదే చెప్పాను, టీచరును కదా. మా హెడ్ మేడమ్ వచ్చి ఇకమీదట కార్టూన్లు పెట్టుకోమని చెప్పి పోయింది. మిగిలినదాన్ని చూస్తామని పిల్లలు పట్టుబడితే నేను గూడే ఉంచాను.

ఆ వారమే ఆదివారం మీ ఇంట్లో బాబును ఊయలలో వేసే తొట్టెల. అంతకు ముందు రోజే సహస్ర తన సంచి తానే సర్దుకుంది. నువ్వు రాలేదు. "పనులతోని కాలేదు, వీడియోల చూపిస్త" అన్నావు. సరేనని దానికి నేను కుట్టించిన పట్టులంగా తొడిగి, రెండు జడలు వేసి ఫోన్ ముందు కూర్చోబెట్టాను. నువ్వు ఫోన్‌ను అల్మారాలో స్టీలు డబ్బాకు ఆనించి, "ఇగో బిడ్డా, ఈడికెళ్ళి అంత కనవడతది" అని చెప్పి పోయావు. పోయినవాడివి మళ్ళీ ఆ వైపు రాలేదు.

తొట్టెల కట్టారు, పాటలు పాడారు, బాబును అటూ ఇటూ అందుకున్నారు. ఇక్కడి నుంచి ఇది "అమ్మా, అమ్మా" అని అరిచింది. పాటల్లో ఎవరికి వినిపిస్తుంది! కాసేపటికి అరవడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో కూర్చున్నట్టే కూర్చుంది. నేను వంటింట్లో పనిచూసుకుని వచ్చేసరికి మీ చుట్టాలంతా టెంటు కింద భోజనాలకు పోయారు. గదిలో వదిన, అమ్మ, నువ్వు ఉన్నారు. నేను దాని వెనక నిలబడి విన్నాను అన్నా. అమ్మ అడిగింది, "పిల్లను ఎప్పుడు తోలుకొస్తవ్ రా?" అని.

"మల్ల గదే ముచ్చటేంది అమ్మా? పుస్తకం సూసే అయ్యగారు ఏం జెప్పిండు? అది ఇంట్ల తిరుగుతుంటే మొగపిలగాడు బతుకడు అన్నడా లేదా? రెండుసార్లు కడుపు పోయింది. దాన్ని అటు పంపినం, వీడు నిలిచిండు. వీనికి ఐదేండ్లు నిండేదాక అది గీ గడప తొక్కద్దు."

"గంతే తియ్. రాజికి గూడ పిల్లలు లేకపాయె, తోడుంటది" అంది అమ్మ.

"పిల్లలు నాలుగు దినాలు ఏడుస్తరు, మర్శిపోతరు" అన్నావు నువ్వు.

వదిన అక్కడే కూర్చుని ఉంది. బాబు మూతికి అంటిన పాలు కొంగుతో తుడిచింది. ఆమె కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి.

నా ఒళ్ళు మండిపోయింది. ఫోన్ లాక్కుని నిన్ను కడిగేద్దామని చెయ్యి చాపాను. సహస్ర నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, లైవ్ నడుస్తుంటే ముట్టద్దు" అంది. కాసేపటికి నీ ఫోన్ చార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది. అది లేచిపోయి, సర్దుకున్న సంచి విప్పి, బట్టలన్నీ మళ్ళీ నా బీరువాలో పెట్టింది. సాయంత్రం నువ్వు ఫోన్ చేసి "చూసినవా బిడ్డా, మంచిగైందా?" అన్నావు. "మంచిగైంది బాపు" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల, అన్నా! నీకు ఎంత తేలిక చేసిపెట్టిందో చూడు.

మర్నాడు క్లాసులో కాపలా వంతు దానిదే. నేను వద్దన్నాను. వినలేదు. బోర్డు మీద ఒంటరి గద్దపిల్ల రెక్కలు విదుల్చుకుంటోంది, ఇది దాన్ని చూడనే లేదు, పిల్లల వైపు తిరిగి చెప్పింది.

"గూడుల ఒక తల్లి, ఒక తండ్రి, ఒక బాపమ్మ, ఒక చిన్నపిల్ల ఉన్నరు. పిల్ల పాలు తాగింది. ముందుగాల ఇంకో పిల్ల ఉండె. అది ఉంటే చిన్నది బతకదట. అందుకని దాన్ని గూడుల కెళ్ళి తీసేసిన్రు."

గద్దలకు బాపమ్మ ఏంటని క్లాసంతా నవ్వింది. మనోజ్ మాత్రం నవ్వలేదు. "మర్ గయా క్యా? సచ్చిపోయిందా?" అన్నాడు.

"లే. బస్సెక్కించిన్రు."

"తల్లి ఏం జేసింది?"

"చూసింది."

నేను పాఠం ఆపేసి పిల్లలను బయటికి వదిలేశాను. వానలోనే వదిలేశాను.

ఇంతవరకూ చదివి నువ్వు ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. "పిల్లకు కోపమొచ్చింది, రెండు బొమ్మలు కొనిస్తే పోతది" అనుకుంటున్నావు. కోపం వచ్చి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు, నీ ముఖం చూడకుండా హాయిగా పెంచుకునేదాన్ని. దానికి నీ మీద కోపం లేదు. సాయంత్రం బడి నుంచి నడిచి వస్తుంటే, నా గొడుగు కిందికి జరిగి అడిగింది.

"అత్తమ్మా, నేను పెద్దదాన్ని గద. తమ్ముని దగ్గరికి పోతే నేను సంపుతనా?"

గద్దలు వేరు, మనుషులు వేరు అని చెప్పాను. "మనుషులు వేరే అయితే నన్నెందుకు పంపిన్రు?" అంది. ఆ అయ్యగారు అబద్ధాలకోరు అన్నాను. "మరి నేను వచ్చినంకనే తమ్ముడు పుట్టిండు గద" అంది. రేపే బస్సెక్కిద్దాం, నేనే తీసుకుపోతాను, ఎవరు ఆపుతారో చూస్తాను అన్నాను. రోడ్డు మీద నిలబడిపోయింది. "వద్దత్తమ్మా, జర ఆగు. ఐదేండ్లే గద" అంది.

నువ్వు దాన్ని ఇంట్లోంచే పంపావు. అది తనను తానే ఇంకా దూరం పెట్టుకుంది. మీ అయ్యగారి మాటకు నా బడి పాఠం సాక్ష్యం అయింది. కళ్ళారా చూసిందాయె, ఇప్పుడు నేనెంత చెప్పినా నమ్మదు.

నాకు దాన్ని ఉంచుకోవాలని లేదనుకుంటున్నావా? మీ ఆలోచన నిజమే, నాకు తోడు కావాలి. అది నా మీద కాలు వేసి పడుకుంటే నాకు లేవబుద్ధి కాదు. అడిగి ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకునేదాన్ని. కానీ మీరు నాకు బిడ్డను ఇవ్వలేదు, మీ ఇంటి దోషాన్ని నా గడపలో పారబోసి, దానికి తోడు అని పేరు పెట్టారు. నేను గొడ్రాలినని మీకు అంత చులకన అయ్యానా?

కెమెరా పెట్టినవాళ్ళకు ముట్టుకోకూడదని రూలు ఉంది. నాకు లేదు. ఈ ఉత్తరం అందిన వారంలో నువ్వు, వదిన బాబును తీసుకుని సూరత్ రావాలి. వచ్చి, అందరి ముందర, బాబును సహస్ర ఒళ్ళో పడుకోబెట్టాలి. వాడు దాని ఒళ్ళో నిద్రపోవాలి, మళ్ళీ లేవాలి, అది కళ్ళారా చూడాలి. ఆ మాట దాని తలకెక్కించింది నువ్వు, తీయాల్సింది కూడా నువ్వే. ఆ తర్వాత పిల్లను తీసుకుపోతావో, నాకు వదులుతావో అప్పుడు మాట్లాడుకుందాం. రాకపోతే మాత్రం దానికి తండ్రి లేడని నేనే చెబుతాను. అది కూడా చూసింది చెప్పడమే. వచ్చేటప్పుడు మన ఇంటి సర్వపిండి గిన్నె తీసుకురా, ఇక్కడి గిన్నెల్లో అడుగంటుతోంది.

అమ్మకు నా దండాలు చెప్పు. ఫోన్ తెరిచే ఉందని కూడా చెప్పు. వదినకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు, ఈ ఉత్తరం ఆమె చేతికి ఇవ్వు చాలు. బాబుకు నా దీవెనలు, వాడి తప్పేం లేదు. పెద్దవాడివి, నీ దీవెన అడగాలి, సహస్ర కోసం అడుగుతున్నాను. మేము బాగానే ఉన్నాం.

ఇక ప్యాకెట్ సంగతి. నిన్న సాయంత్రం తమ్ముడికి ఏదైనా కొందామని సహస్రను దుకాణానికి తీసుకుపోయాను. అన్నీ చూసి చూసి పసుపుపచ్చ అంగీ ఒకటి, జేబు మీద చిన్న పిట్ట ఉన్నది ఎంచుకుంది. వేలు పెట్టి చూపించింది, అంతే. "లే బేటా, హాథ్ లగాకే దేఖ్, ముట్టి సూడు ఎంత మెత్తగుందో" అని దుకాణంలో పనిచేసే మన తెలుగామె చేతికివ్వబోతే, చేతులు వెనక్కి కట్టుకుని దూరం జరిగింది. ఇంటికి వచ్చాక మడతపెట్టడం, ప్యాక్ చేయడం అన్నీ నాతోనే చేయించింది. పక్కన నిలబడి చూసింది.

"అత్తమ్మా, నేను ముట్టలేదని రాయి. బాపుకు భయం బుగులు గావద్దు. తమ్మునికి తొడుగుమను" అంది.

రాశాను అన్నా. ఇప్పుడు విప్పు.

నీ చెల్లెలు
రాజేశ్వరి