గోనెపట్టా కింద ఇంజను

పురిస్కల్ కొండల నుంచి,
మార్చి నెల.

అమ్మకి నమస్కారాలు. బెలార్మినో మామయ్య మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. శాన్ హోసేలో ఆ అమ్మగారింటి వంటింటి పొగలో నీ దగ్గు కాస్త తగ్గిందనుకుంటాను.

మన ఊరి గురించి పేపర్లో వేశారట, నిజమేనా అని అడిగావు. నిజమే. 'రాజధానికి ఇంత దగ్గరలో, ఎవరూ చూడని ప్రశాంత సౌందర్యం' అని రాశారు. ఎవరూ చూడనిదట. ఇన్నేళ్లూ మనం కళ్లు మూసుకుని చెరుకు నరికామన్నమాట. అప్పట్నించి ఆదివారాలు శాన్ హోసే నుంచి ఊరు చూసేవాళ్ల బస్సు వస్తోంది.

బెల్లం గానుగకి ఇంజను పెట్టించాలని సంఘంలో నేనెంత గొంతు చించుకున్నానో నీకు తెలుసు. మనుషులూ పశువులూ గుండ్రంగా తిరిగే చాకిరీ పోవాలని కరపత్రం రాసింది నేనే. అలా పోరాడి పెట్టించాం. ఇప్పుడు ఆదివారం వస్తే ఆ ఇంజను మీద గోనెపట్టా కప్పి, పైన అరిటాకులు పరిచి, ఎడ్లని మళ్లీ గానుగకి కడుతున్నారు. ఇంజను కనిపిస్తే వచ్చినవాళ్ల మనసు విరుగుతుందట. వాళ్లు బూట్లకి మన్ను అంటకుండా నిలబడి, వేడి బెల్లం నీళ్లు తాగుతూ, "ఎంత హాయిగా బతుకుతున్నారో వీళ్లు" అనుకుంటారు. వాళ్లని చూస్తే నాకు రోత. మనవాళ్లని చూస్తే ఇంకా రోత. నీడియా అత్త చెప్పులు దాచేసి, ఉత్త కాళ్లతో, అరిటాకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న టమాలెలు అమ్ముతోంది.

"సిగ్గు లేదా అత్తా?" అన్నాను.

"సిగ్గు నీ కరపత్రాల్లో మడిచి దాచుకో నాయనా. ముందా ఆకులు ఇటు అందించు," అంది.

పోయిన ఆదివారం మామయ్య మోకాలు వాచింది. ఎడ్లని తోలమని నన్నడిగాడు. అది నాటకం, నేను చెయ్యనన్నాను.

"సరే అల్లుడూ, నువ్వు సిద్ధాంతం తోలుకో, నేను ఎడ్లు తోలుకుంటా," అని కర్ర పట్టుకుని లేచాడు. గుమ్మం దాటకుండానే గోడ పట్టుకున్నాడు. ఇంకేం చెయ్యను, ముల్లుకర్ర అందుకున్నాను.

నీకు చెప్పకపోతే ఎవరికీ చెప్పలేను. ఇంజను మోత లేని గానుగలో చెరుకు నలిగే చప్పుడు వినపడింది. కింద వాగు వినపడింది. మామయ్య కూర్చున్నచోటు నుంచే ఏదో గొణుగుతుంటే, ఎడ్లు అటు చెవులు తిప్పాయి. నాకు బాగుందమ్మా. పుట్టి పెరిగిన చోటు బాగుంటుందని ఆ బస్సువాళ్లు వస్తేగాని నాకు తెలియలేదా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక నువ్వు చివర్లో రాసినదానికి జవాబు. నువ్వు పనిచేసే ఇంటి అమ్మగారు ఈ ఆదివారం అదే బస్సులో వస్తోందని, భోజనం బుట్ట మొయ్యడానికి నిన్ను తెస్తోందని రాశావు. ఇది నీ సొంత ఊరని ఆవిడకి చెప్పాలా వద్దా అని అడిగావు.

ఈ ఆదివారమూ నేనే, వేషానికిచ్చిన తెల్ల చొక్కాతో, నడుముకి ఎర్ర గుడ్డతో ఎడ్ల పక్కన ఉంటాను. చూసేవాళ్లకీ మాకూ మధ్య ఒక వెదురుగడ కడతారు. చెప్పడం, మానడం నీ ఇష్టం. కానీ గడకి అవతల నిలబడి మాత్రం నన్ను చూడకు. బుట్ట ఆవిడ దగ్గరే దించేసి, గడ కింద నుంచి వంగి ఇటు వచ్చెయ్. మామయ్య పక్కన చోటుంది.

ఇట్లు,
నీ కొడుకు
ఎలియేసర్