అంకెలు చూపించే మదర్‌బోర్డు

అక్కా,

జ్వరం తగ్గింది. పోతూ పోతూ నా రెండు చెవులనూ పట్టుకుపోయింది. ఇక రావని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఫోను ఎత్తడం లేదని నా మీద అలిగావట, అందుకే ఈ కార్డు.

ఇన్నేళ్లూ కంప్యూటర్లో ఏం చెడిందో ఆన్ చేయగానే లోపలి మదర్‌బోర్డు పెట్టే బీప్ కూతల్ని బట్టి పట్టేసేవాణ్ని. ఇప్పుడు ఆ ఆట కట్టింది. నా పనికి కొత్త కంప్యూటరు కట్టుకుందామని నిన్న కొట్టుకెళ్లి అన్నిటికన్నా ఖరీదైన బోర్డు ఎంచాను. కంప్యూటర్లో లోపమేదైనా ఉంటే ఆ బోర్డు మీది చిన్న అద్దంలో అంకెలుగా కనిపిస్తుంది. కొట్టతను అట్ట మీద రాసి చూపించాడు: "గేములాడతారా సార్? లేకపోతే ఇది దండగ."

"అంకెల కోసం" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, కొట్లో వాళ్లంతా ఇటే తిరిగారు.

ఇంటికొచ్చి బిగించి ఆన్ చేశాను. అంకెలు గబగబా మారి ఆగాయి. పక్కనున్న నీ మరదలు ఉలిక్కిపడి, ఒక వేలు చూపించింది. బోర్డు ఒక్క కూత పెట్టిందన్నమాట. ఒక్కటైతే అంతా బాగున్నట్టు. ఆ మాట తనకి చెప్పాను. తను వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా రేడియో బావగారిని తీసుకెళ్లమను, ఇక్కడ ఊరికే పడి ఉంది. అమ్మకి ఇప్పుడే చెప్పకు. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది?

బావగారికి నమస్కారాలు, పాపకి ముద్దులు. దానికి మాటలొచ్చాయట కదా. గొంతు ఎవరి పోలికో రాయి. నీ పోలికైతే బావుణ్ణు, నీ గొంతు నాకింకా గుర్తుంది.

నీ తమ్ముడు