ఉప్పెన కథలో ఏడో పేజీ

1978, మార్చి. ఆదివారం రాత్రి, బందరు.

ఎల్లుండి విజయవాడలో పెద్ద చిత్రకళా ప్రదర్శన. అంత పెద్ద హాలులో నా బొమ్మల కథకు కూడా ఒక గోడ ఇచ్చారు. ఉప్పెన కథ పేజీలన్నీ సిద్ధమయ్యాయనుకున్నాను. అది హంసలదీవి నాగమ్మ కథ కాబట్టి ముందు ఆవిడకు చూపించాలని ఈ రోజు వెళ్లాను.

ఒక్కో పేజీ మెల్లగా చూసింది. ఏడో పేజీలో, అల వచ్చి పెద్దకొడుకును తన చేతిలోంచి లాక్కెళ్లిన బొమ్మ దగ్గర ఆగింది.

"అల లాక్కెళ్లలేదు బాబూ. నేనే వదిలేశాను. చంకలో చంటిది జారిపోతుంటే వాడి చెయ్యి వదిలేశాను."

"ఈ సంగతి మీ ఆయనకు తెలుసా అమ్మా?" అని అడిగాను.

"తెలీదు. నోటితో చెప్పలేకపోతున్నాను. నువ్వు ఉన్నదున్నట్టు గియ్యి. ఆయనా చూడ్డానికి వస్తానంటున్నాడుగా."

బస్సులో వస్తున్నంతసేపూ గీయకూడదనే అనుకున్నాను. ఇంటికి వచ్చి గీశాను. ఆ తల్లి వేళ్లు విడిపోవడం గీయబోయి మూడు కాగితాలు పాడుచేశాను. నాలుగోది కుదిరింది. కుదరకపోతే బాగుండేది.

ఎల్లుండి ఆవిడ భర్త తన కొడుకు బొమ్మ చూసుకుందామని వస్తాడు. ఆ గోడ ముందు నిలబడి చూసి, పక్కనున్న భార్య వైపు తిరుగుతాడు. అప్పుడు నేనూ అక్కడే ఉండాలి. పాత పేజీ తగిలిస్తే ఆవిడను మోసం చేసినట్టు. కొత్తది తగిలిస్తే...

రెండు పేజీలూ కట్టలో పెట్టాను. ఏది తగిలించను? ఆవిడ చెప్పాల్సింది చెప్పేసింది. ఇంక అడగడానికి ఎవరూ లేరు.