వాలు కప్పులో నేను కూరిన గుడ్డలు

మనవడా, రాగానే ముందు నిచ్చెన ఎక్కు. అన్నం తరవాత తిందువుగాని.

కొత్త గది వాలు కప్పుకి చలి దిగకుండా దూదిపరుపులు పరిచారు కదా, వాటికీ పెంకులకీ మధ్య నేను కూరిన పాత గుడ్డలన్నీ లాగెయ్యి. వడ్రంగి బద్ధకించి సందు వదిలేశాడనుకున్నాను. "గాలాడకపోతే చెమ్మపట్టి వాసాలు కుళ్లిపోతాయి మామ్మగారూ" అని ఫోన్లో మొత్తుకున్నాడు. సాయంత్రం వచ్చి కప్పు కింద పలకలు బిగించి మూసేస్తాడు, ఆలోపే తియ్యాలి.

నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. మీ అక్కనీ పసిదాన్నీ ఇవాళే పంపిస్తున్నారు, ఆ గది వాళ్లదే. నువ్వు పుట్టిన చలికాలంలో ఈ ఇంట్లో వెచ్చటి చోటు నా ఒడి ఒక్కటే. ఈ పసిదానికి గదంతా వెచ్చనే. అయినా ముందు నా ఒళ్లోనే పడుకుంటుంది, మీ అక్కతో చెప్పేశాను.

మామ్మ

మరిచాను, గుడ్డలు ఎప్పుడో తీసేశానని వడ్రంగితో అనేశాను. అతని ముందు నవ్వి నన్ను పట్టించకు.